అమ్మ నోట్లో గుండుసూదులు ఉండగానే అడగండి

ఆ గురువారం సాయంత్రం మా ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. ముందుగదిలో అమ్మ, అమ్మ కుట్టుమిషను. నడవలో మంచం మీద, రాత్రి డ్యూటీ చేసొచ్చి బనీనుతో పడుకున్న నాన్న. ఆయన పక్కనే కుర్చీలో, మిషను చప్పుడు పడక చెవుల్లో దూది కుక్కుకున్న నాయనమ్మ. గుమ్మంలో చెల్లి, చెల్లి ఒళ్ళో బాతు. స్టూలు మీద నేను. నా ఒంటి మీద లాయరమ్మగారి అమ్మాయి గౌను.

బాతు సంగతి కాసేపట్లో చెబుతాను. ముందు ఒక సత్యం చెప్పనివ్వండి.

తీరికలేని తల్లి దొరకడం పిల్లలు చేసుకున్న అదృష్టం!

నవ్వకండి. ఈ మధ్య ఫోన్లో ఏ వీడియో తెరిచినా ఎవరో ఒక నిపుణుడు మెడ ఒక పక్కకి వాల్చి, "పిల్లలతో సమయం గడపండి, వాళ్ళ కళ్ళలోకి చూస్తూ మాట్లాడండి" అని తల్లులకి నూరిపోస్తున్నాడు. ఆయనకి పిల్లలున్నారో లేదో నాకు తెలియదు. ఉంటే మాత్రం, ఆయన రోజంతా వీడియోలు తీసుకుంటూ ఉంటాడు కాబట్టి, వాళ్ళు నాలాగే హాయిగా ఉండి ఉంటారు.

నా పక్కన కూర్చునే అమ్మాయి వాళ్ళమ్మకి బోలెడు తీరిక. పాపం, ఆ పిల్ల అవస్థ చూడండి! బడి నుంచి రావడం ఆలస్యం, ఏం తిన్నావు, ఎంత మిగిల్చావు, ఎందుకు మిగిల్చావు, లెక్కల మాస్టారు ఏమన్నారు, ఆయన అన్నప్పుడు నువ్వు మొహం ఎలా పెట్టావు... బడిలో ఒక పరీక్ష, ఇంటికొచ్చాక దాని మీద ఇంకో పరీక్ష. మా ఇంట్లో ఆ బెడద లేదు. నేను బడికి వెళుతున్నానో, బడి నుంచి వస్తున్నానో అమ్మకి తెలిసేది నా టిఫిన్ డబ్బా బరువును బట్టే.

మా అమ్మ దర్జీ. ఊళ్ళో సగంమంది ఒంటి మీద ఉన్నది అమ్మ కుట్టిన బట్ట. మిగతా సగంమంది ఒంటి మీద ఉండాల్సినది మా ముందుగదిలో ఉంది.

పనిచేసేటప్పుడు అమ్మ గుండుసూదులు పెదవుల మధ్య పట్టుకుంటుంది. తీసి గుచ్చడానికి వీలుగా ఉంటాయని. అందుకే అమ్మని ఏమడిగినా వచ్చే జవాబు ఒకటే. "ఊఁ." ఆ ఊఁకి "సరే" అని అర్థం కాదు. "వింటున్నాను" అని అంతకన్నా కాదు. "ఇప్పుడు నోరు తెరిస్తే సూది మింగుతాను" అని. అయినా మా ఇంట్లో దాన్ని పర్మిషన్ కింద జమకట్టడం అలవాటైపోయింది. ఏ ఇంట్లో దొరుకుతుందండీ ఇంత సులువుగా పర్మిషన్?

చెల్లి ఒకరోజు, "అమ్మా, బాతుని పెంచుకోనా?" అంది. "ఊఁ." బాతు వచ్చింది. వచ్చిన కొన్నాళ్ళకి అమ్మ కాలికి అడ్డంపడింది.

"ఇదెవరిదే?" అంది అమ్మ.

"మనదే. నువ్వే ఊఁ అన్నావుగా!"

అన్నదో లేదో అమ్మకి గుర్తులేదు. అనలేదని వాదించడానికి టైమూ లేదు. బాతు ఉండిపోయింది.

మా నాన్న కరెంటు లైన్‌మన్. ఆయనా ఊఁ అనిపించుకునే మీసం తీయించుకున్నాడు. కొత్త మొహంతో మురిసిపోతూ ముందుగది గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు. అమ్మ గుడ్డ మీంచి తల ఎత్తకుండా, "కూర్చోండి, మీ ప్యాంటు రేపు ఇచ్చేస్తాను" అంది. నాన్న నిజంగానే కూర్చున్నాడు. పాపం, ఆయన ప్యాంటు కూడా అమ్మ దగ్గరే ఉంది, జిప్పు వేయించుకోవడానికి. దాని వంతు ఇంతవరకూ రాలేదు.

నేనూ ఆదివారం ఒక ఊఁ సంపాదించాను.

శుక్రవారం పొద్దున పదింటికి మా బడి వార్షికోత్సవం. అందులో నేను మైకులో మాట్లాడాలి. నాకు మాటలు రాక కాదు, నలుగురు చూస్తుంటే గొంతు పైకి రాదు. ఆ సంగతి తెలిసే తెలుగు టీచరుగారు నన్ను ఎంపిక చేశారు. సిగ్గు పోవాలంటే మైకు ముందు నిలబెట్టాలట! పిల్లలకి ఈత రావాలంటే బావిలోకి నెట్టాలనుకునే తరహా మనిషి ఆవిడ. పైగా ఇచ్చిన అంశం ఏమిటో తెలుసా? సమయపాలన. దర్జీ కూతురికి సమయపాలన! ఎదురుగా కూర్చునేవాళ్ళలో సగంమంది మా అమ్మ ఇస్తానన్న చొక్కా అందక పాత చొక్కాతో వచ్చినవాళ్ళే అయి ఉంటారు.

"అమ్మా, శుక్రవారం నేను మాట్లాడేటప్పుడు వస్తావా?" అన్నాను. ముందు వరసలో తెలిసిన మొహం ఒక్కటి ఉంటే, దాన్నే చూస్తూ చెప్పేద్దామని నా ఆశ.

"ఊఁ."

ఊఁ అయితే దొరికింది. కానీ చెల్లి ఊఁని చంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకోవచ్చు. నాన్న ఊఁని అద్దంలో చూసుకోవచ్చు. నా ఊఁని ఏం చేసుకోను? అమ్మని చంకలో పెట్టుకుని బడికి తీసుకెళ్ళలేను కదా!

అందుకని ఆ వారమంతా అమ్మ వెనకే తిరిగాను. తిరిగితే తెలిసింది, తీరికలేని అమ్మ వారంలో ఎన్ని వింతలు దొర్లుతాయో. తీరికైన తల్లులున్న ఇళ్ళలో ఇవి ఒక్కటైనా జరుగుతాయా చెప్పండి.

సోమవారం అమ్మ ఫోన్లో ఎవరికో కాలరు గురించి సర్దిచెబుతూ, ఒక చేత్తో చెల్లికి జడ వేసి, రెండో చేత్తో ఎవరిదో ఆల్టరేషన్ చీటీ గుచ్చింది. చీటీ గుడ్డకి గుచ్చాననుకుంది. చెల్లి వీపుకి గుచ్చింది. చెల్లి రోజంతా బడిలో "ఎడమ చెయ్యి బిగువు, వదులు చెయ్యాలి, అర్జంట్" అన్న కాగితంతో తిరిగింది. చెల్లి క్లాసు టీచరు జాలిపడి, ఆ రోజు దాని చేత ఎడమ చేత్తో ఏమీ మోయించలేదట. సంచి కూడా పక్కపిల్ల మోసిందట. ఏ తల్లి కళ్ళలోకి చూస్తూ మాట్లాడి ఇంత మేలు చేయగలదు?

బుధవారం నా వంతు. మా ఇంట్లో స్టీలు డబ్బాలు రెండు, అచ్చు ఒకేలా ఉంటాయి. ఒకటి నా టిఫిన్‌ది, ఒకటి గుండీలది. మధ్యాహ్నం డబ్బా మూత తీసేసరికి నిండా కోటు గుండీలు! నల్లవి, గోధుమరంగువి, నాలుగు చిల్లులవి. స్నేహితురాళ్ళు పొట్టపట్టుకుని నవ్వారు. సైన్సు మాస్టారు మాత్రం తన చొక్కాకి సరిపోయేది ఒకటి ఎంచుకుని, "మీ అమ్మగారికి థ్యాంక్స్ చెప్పమ్మా" అని వెళ్ళారు.

అదే సమయానికి ఇంట్లో అమ్మ పోస్ట్‌మాస్టరుగారి కోటుకి గుండీ కుట్టబోయి డబ్బాలో చెయ్యి పెట్టిందట. ఉడికించిన గుడ్డు చేతికొచ్చింది.

కాసేపటికి మా క్లాసు కిటికీ దగ్గర అమ్మ ప్రత్యక్షమైంది. పరుగున వచ్చింది. మెడలో టేపు, జుట్టులో దారప్పోగు, చేతిలో అసలు డబ్బా. కిటికీ ఊచల మధ్య నుంచి డబ్బా అందించి, రొప్పుతూ ఒక్క నిమిషం నా వంకే చూసింది. "తిను" అంది. నిలబడి, నేను మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా చూసింది. ఆ వారంలో అమ్మ నన్ను అంతసేపు చూడటం అదే. ఎంత బాగుందో చెప్పలేను! గుండీలు తింటే రోజూ వస్తుందంటే నేను సిద్ధమే.

"అమ్మా, శుక్రవారం..." అనబోయాను. అప్పటికే అమ్మ చూపు వరండాలో నడుస్తున్న హెడ్మాస్టరుగారి ప్యాంటు అంచు మీద పడింది. "ఏమండీ, ఆ మడత ఊడిందండీ, రేపు తెచ్చి పడేయండి!" అంటూ ఆయన వెంటపడింది.

ఇక గురువారానికి వస్తాను.

పట్నం షాపుల్లో బట్టలు తొడిగి చూడటానికి బొమ్మలుంటాయి. మా షాపులో నేనున్నాను. నా ఈడు ఆడపిల్లల గౌన్లన్నీ వాళ్ళకన్నా ముందు నేనే తొడుక్కుంటాను, ఊపిరి బిగబట్టి, చేతులు చాపి. మీలో ఎవరైనా వారంలో ఆరు కొత్త గౌన్లు తొడుక్కున్నారా? నేను తొడుక్కున్నాను. నావి కాకపోతే ఏం? విప్పేశాక ఉతుక్కునే పని కూడా ఉండదు.

ఆ సాయంత్రం లాయరమ్మగారి అమ్మాయి గౌను నాకు తొడిగి, అమ్మ నన్ను స్టూలెక్కించింది. అంచు సమంగా రావాలంటే మనిషి మీదే మడిచి సూదులు పెట్టాలి. నోటినిండా సూదులతో, మోకాళ్ళ మీద నా చుట్టూ జరుగుతోంది. భుజం నుంచి పాదం దాకా టేపు పట్టి ఆగిపోయింది. మళ్ళీ పట్టింది. తలెత్తి నన్ను పైనుంచి కిందిదాకా చూసి, పళ్ళ బిగువునే అంది:

"ఎప్పుడింత పొడుగయ్యావే?"

నా గుండె గంతులేసింది. చూడండి, ఇలాంటి అపురూపమైన క్షణం! కూతురు ఎదిగిందని తల్లి గమనించిన క్షణం! నేను నవ్వబోతుండగా అమ్మ మొహం చిన్నబుచ్చుకుంది. "ఆ పిల్ల పెరగలేదే! ఇప్పుడు నీ కొలత పనికిరాదుగా. అంచు ఎక్కడికి మడవనే?"

అంతలో ఫోను మోగింది. అమ్మ సూదులు అరచేతిలోకి దించుకుని స్పీకరు నొక్కింది. అవతల లాయరమ్మగారు.

"ఏమ్మా, మా అమ్మాయి గౌను ఎక్కడిదాకా వచ్చింది? రేపు మధ్యాహ్నం ప్రయాణం. ముందే చెబుతున్నా, తర్వాత నన్ననుకుని లాభం లేదు."

"అయిపోయినట్టేనండీ! హుక్కులే మిగిలాయి."

నేను నా భుజాల వైపు చూసుకున్నాను. గౌనుకి చేతులు లేవు. మెడ దగ్గర కుట్టు లేదు. వీపు దగ్గర వీపే లేదు.

"హుక్కులకి ఇన్నాళ్ళా తల్లీ?"

"రేపు పొద్దున్నే కూర్చుని వేసేస్తానండీ. మీరు భోంచేసి వచ్చేసరికి మడతపెట్టి చేతిలో పెడతాను."

రేపు పొద్దున్నే కూర్చుంటుందట! అంటే పదింటికి నేను మైకు ముందు నిలబడే వేళకి, అమ్మ ఇక్కడ ఈ గౌనుకి వీపు పెడుతూ ఉంటుంది.

అమ్మ ఫోను పక్కన పెట్టింది. సూదులు మళ్ళీ పెదవుల మధ్యకి వెళ్ళాయి. గౌను అంచు అమ్మ చేతిలో ఉంది, గౌను లోపల నేనున్నాను. తను లేచి వెళ్ళలేదు, నేను దిగి పారిపోలేను. స్టూలు కూడా ఎత్తుగానే ఉంది. ఏమనుకున్నానో ఏమో, గొంతు సవరించుకున్నాను.

"సభకు నమస్కారం," అన్నాను.

"ఊఁ," అంది అమ్మ.

"నేను ఈ రోజు సమయపాలన గురించి మాట్లాడబోతున్నాను."

"ఊఁ."

ఎంత సాఫీగా వచ్చిందనుకున్నారు మాట! వినేవాళ్ళు లేరన్న ధైర్యం అలాంటిది. కింద నాకు కనిపిస్తున్నది అమ్మ పాపిట, పాపిట మీద తెల్ల దారప్పోగు. దానికే చెప్పుకుపోయాను. గడియారం గురించి, రైలు గురించి, పరీక్షల గురించి. గొంతు పెరిగింది. చేతులు కూడా కదిలాయి.

"పెద్దలారా! 'రేపు' అనడం ఎంత తేలిక! ఆ రేపటి కోసం ఎదురుచూసే మనిషి మొహం చూడటమే కష్టం. అందుకే రేపు అనేవాళ్ళు తల ఎత్తి మాట్లాడరు!"

ఊఁ రాలేదు.

అమ్మ తల ఎత్తింది. సూదులు ఒక్కొక్కటీ తీసి సూదుల దిండులో గుచ్చింది. నోరు పూర్తిగా ఖాళీ చేసుకుంది.

"ఎవరు రాయించారే ఇది నీచేత? ఆ లాయరమ్మేనా?"

"ఎవరూ రాయించలేదు. నేనే."

"అంటే, నేను చెప్పిన టైముకి ఇవ్వనంటావు. ఊరందరి ముందూ మైకు పెట్టి మరీ అంటావు."

మిషను నడుస్తుంటేనే నిద్రపోయే నాన్నకి అది ఆగినప్పటి నుంచి సగం మెలకువే. లేచి కూర్చున్నాడు. "పిల్లన్న దాంట్లో తప్పేముంది? నా ప్యాంటు జిప్పు సంగతి నేనెప్పుడైనా అన్నానా?"

"ఇప్పుడన్నారుగా!"

చెవుల్లో దూది ఉన్న నాయనమ్మకి అన్నీ వినబడ్డాయి. "నా దిండుగలీబు అడిగి అడిగి నోరు పడిపోయింది. నీ కోడలు కుడుతుందిలే, నీకేంటి, అంటారు అందరూ. ఉత్త దిండు మీద పడుకుంటున్నానని ఎవరితో చెప్పుకోను?"

"మా బాతుకి గూడు మీద కప్పే గుడ్డ కుడతానన్నావు," అంది చెల్లి.

"నేనా? ఎప్పుడు?"

"ఊఁ అన్నావు."

అమ్మ అందరి వంకా చూసింది. "బాగుంది. ఇంటిల్లిపాదీ ఏకమయ్యారన్నమాట!" అని నా వైపు తిరిగింది. "సరే, వీళ్ళవంటే ఉన్నాయి. నీకేం బాకీ పడ్డానే? నీకేం ఇస్తానని ఇవ్వలేదు?"

పాఠకులారా, ఇలాంటప్పుడు తెలివైన పిల్ల నోరుమూసుకుంటుంది. నేను కూడా ప్రతిసారీ మూసుకునేదాన్నే. స్టూలు ఎత్తు మహిమ కాబోలు, నోరు జారాను.

"పోయినేడు వస్తానని రాలేదు."

పోయినేడు నాటకంలో నాది భటుడి వేషం. ఒకే మాట. "రాజుగారు వస్తున్నారు!" అమ్మ వస్తానంది. అమ్మ వచ్చాక చెబుదామని బల్లెం పట్టుకుని గేటు వైపు చూస్తూ నిలబడ్డాను. తెర వెనక నుంచి టీచరుగారు మాట అందించారు. రాజుగారు కూడా తెర సందులోంచి అందించారు. నేను గేటు వైపే చూస్తున్నాను. రాజుగారైనా ఎంతసేపని ఆగుతారు? ఆయనంతట ఆయనే వచ్చి కూర్చున్నారు. జనం విరగబడి నవ్వారు. ఇంటికొచ్చాక అమ్మ "ఎలా చేశావే?" అంది. "బాగా చేశాను" అన్నాను. "ఊఁ" అంది.

ఇదంతా చెప్పానా, స్టూలు మీద నిలబడి, ఏడవకుండా చెప్పాననే అనుకుంటున్నాను. చెల్లి మాత్రం ముక్కు కారిందంటోంది.

నాన్న నేల వంక చూశాడు. నాయనమ్మ దూది తీసి చేతిలో పెట్టుకుని, మళ్ళీ చెవిలో పెట్టుకుంది. అమ్మ చేతిలో గౌను అంచు అలాగే ఉంది.

"రేపెన్నింటికి?" అంది అమ్మ.

"పదింటికి."

అమ్మ గౌను వంక చూసింది. గోడ గడియారం వంక చూసింది. వేళ్ళ మీద ఏదో లెక్కవేసుకుంది. చేతులు, మెడ, వీపు, అంచు, హుక్కులు.

"దిగు," అంది.

సూదులు గుచ్చుకోకుండా గౌను నా తల మీంచి లాగింది. నా జుట్టు చెదిరితే అరచేత్తో సర్దింది. సర్దిన చెయ్యి కాసేపు అక్కడే ఉంచింది. నేను కదలలేదు. కదిలితే తీసేస్తుందని.

ఇప్పుడు చెప్పండి! తీరికైన తల్లి అయితే ఇంత వివాదం జరిగేదా? నాన్న జిప్పు, నాయనమ్మ గలీబు బయటపడేవా? నా మాటలు అమ్మ తల ఎత్తి విన్నదంటే కారణమేమిటి? ఫిర్యాదు చేసింది ఎవరో కస్టమరు అనుకుంది కాబట్టి. కాబట్టి పిల్లలూ, మీ అమ్మ మీ మాట వినాలంటే అమ్మా అమ్మా అని వెంటపడకండి. ముందు ఆవిడ దగ్గర ఒక గౌను కుట్టడానికివ్వండి. తర్వాత గట్టిగా తగువుపెట్టుకోండి. కూతుళ్ళ వంతు రావడానికి నాకు తెలిసిన దారి ఇదొక్కటే.

"అమ్మా," అన్నాను, "మళ్ళీ మొదట్నుంచి చెప్పనా? ఈసారి సగంలో ఆపకుండా విను."

"ఇప్పుడు కాదు. రేపు అక్కడే కూర్చుని వింటాను. ముందు వరసలో."

"నిజంగానా?"

"ఇది ఇవాళ అయితేనే నేను రేపు రాగలిగేది. అర్థమైందా? నువ్విక్కడ నిలబడి మాట్లాడుతూ ఉంటే ఇది తెమలదు. అందరూ అవతలికి నడవండి. బాతుతో సహా."

నాన్న మంచం ఎత్తుకుని లోపలికి నడిచాడు. నాయనమ్మ కుర్చీ ఈడ్చుకుంది. చెల్లి బాతుని మెడ పట్టుకుని పోయింది. నేను మాత్రం గుమ్మంలో ఆగాను. అమ్మ నోట్లో సూదులు లేవు, మిషను తిరగడం లేదు, ఫోను మోగడం లేదు. ఇలాంటి సమయం మళ్ళీ ఎప్పుడొస్తుందో!

"సభకు నమస్కారం. నేను ఈ రోజు..."

రేపు నా మాట వినడం కోసం, అమ్మ నా మొహం మీదే తలుపు వేసేసింది.